మోదుగ పూసే వేళ: మంచు, గాలి, వడగళ్ల నడుమ తొలి వసంతపు పూలను ఫోటో తీయడం

మాఘం సగం దాటేసరికి తెలంగాణ పల్లెల్లో పొలం గట్ల మీది మోదుగలు ఆకు రాల్చేస్తాయి. ఫాల్గుణం వచ్చేసరికి ఆ మోడు కొమ్మల నిండా నారింజ రంగు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. పోయే చలికీ ముదిరే ఎండకీ మధ్య ఉన్న ఈ కొద్ది వారాల్లోనే బూరుగ, మోదుగ, కొండగోగు, ఇప్ప, వేప, కానుగ ఒకదాని వెనక ఒకటి పూస్తాయి. సరిగ్గా ఈ కాలంలోనే ఆకాశానికి నిలకడ ఉండదు. తెల్లవారుజామున పొగమంచు, పది దాటగానే దుమ్ముగాలి, మధ్యాహ్నం కళ్లు తెరవనివ్వని ఎండ, సాయంత్రం ఉరుములతో వడగళ్లు. ఇవన్నీ ఒకే వారంలో చూడొచ్చు, ఒక్కోసారి రెండు రోజుల్లోనే.

చాలామంది ఫలానా పువ్వు తీయాలని ముందే అనుకుని బయల్దేరతారు. వెలుగు కుదరకపోతే ఉసూరుమంటూ తిరిగొస్తారు. నేను చెప్పే పద్ధతి దీనికి తలకిందులు. మీ ఊరి చుట్టుపక్కల పూసే చెట్లన్నీ ముందే గుర్తుపెట్టుకోండి. పొద్దున లేచి ఆకాశం చూడండి. ఆ వెలుగులో ఏ పువ్వు బాగుంటుందో దాని దగ్గరికి వెళ్లండి. మంచుకు తగిన చెట్టు ఉంది, గాలికి తట్టుకునే పువ్వు ఉంది, వాన పడ్డాకే అందం వచ్చే పువ్వూ ఉంది. కింద చెప్పేదంతా ఆ జత కుదర్చడం గురించే.

1. చెట్లను ముందే చూసిపెట్టుకోండి

ఈ పని జనవరిలోనే మొదలుపెట్టాలి. ఇంటి నుంచి అరగంటలో చేరుకోగల చెట్లే ఎంచుకోండి. దూరపు అడవిలో అద్భుతమైన చెట్టు ఉన్నా, వాతావరణం మారిన గంటలో మీరు అక్కడ లేకపోతే ప్రయోజనం లేదు.

అన్నిటికంటే ముందు పూసేది బూరుగ. జనవరి చివర్లోనే మొదలవుతుంది. అరచేయంత ఎర్రటి పూలు, మందపాటి రేకులు, మధ్యలో గుత్తిగా కేసరాలు. చెట్టు చాలా ఎత్తు, కొమ్మలు మాను నుంచి అంచెలంచెలుగా అడ్డంగా సాగుతాయి. కింద నుంచి తీస్తే పూల అడుగుభాగమే కనిపిస్తుంది. అందుకని పక్కన మేడ గానీ, చెరువు కట్ట గానీ, గుట్ట వాలు గానీ ఉన్న బూరుగను వెతకండి.

మోదుగ అంత ఎత్తు పెరగదు, వంకర టింకరగా పెరుగుతుంది. కంటి ఎత్తులోనే కొమ్మలు దొరుకుతాయి కాబట్టి ఫోటోలకు ఇంతకంటే అనువైన చెట్టు లేదు. పొలం గట్లు, బీళ్లు, ఊరి బయట చెలకల్లో చూడండి. వికారాబాద్, నారాయణఖేడ్ వైపు, ఆదిలాబాద్, ములుగు దారుల్లో రోడ్డు పక్కనే కనిపిస్తాయి. మోడు కొమ్మల మీద ముదురు గోధుమరంగు ముఖమలు మొగ్గలు గుత్తులుగా వస్తాయి. వాటి కొసల్లో నారింజరంగు తొంగిచూసిందంటే ఇక ఆ చెట్టు మీద ఒక కన్నేసి ఉంచాలి. పక్కపక్కనే ఉన్న రెండు చెట్లు కూడా ఒకే రోజు పూయవు. ఇది మనకు మేలే. ఒకదాన్ని వాన దులిపేసినా ఇంకొకటి మొగ్గ మీద ఉంటుంది.

రాతి గుట్టల మీద ఆకు లేకుండా పచ్చటి పసుపు పూలు కనిపిస్తే అది కొండగోగు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప, వేప, కానుగ వస్తాయి.

చెట్టు ఎంచుకునేటప్పుడు పూల కంటే ముందు వెనకభాగం చూడండి. కరెంటు తీగలు, సెల్ టవర్, తెల్లటి గోడ అడ్డం వస్తున్నాయా? సూర్యుడు ఏ వైపు నుంచి వస్తాడు? మార్చి 20 ప్రాంతంలో పొద్దు సరిగ్గా తూర్పున పొడిచి పడమట కుంకుతుంది. చెట్టుకు తూర్పున ఖాళీ ఉంటే ఉదయం, పడమర ఖాళీ ఉంటే సాయంత్రం పనికొస్తుంది. ఏ కొమ్మ ఎటు తిరిగి ఉందో ఒక ముక్క రాసిపెట్టుకోండి.

అడవిలోకి వెళ్లేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. శ్రీశైలం దారిలో మన్ననూర్ దాటాక రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిలో వాహనాలను వదలరు. అంటే పొద్దు పొడవకముందే లోపలి చెట్టు కింద ఉండటం కష్టం. లోపల ఎక్కడపడితే అక్కడ బండి ఆపడం, దిగి నడవడం కూడా తగదు. అంతకంటే అడవి అంచు ఊళ్లలోని పొలాలే నయం. రైతును అడిగి గట్టు మీదికి వెళ్లండి. కాదనేవాళ్లు అరుదు.

2. ముందురోజు సాయంత్రం ఆకాశం చదవండి

భారత వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. రాబోయే మూడు గంటలకు ఇచ్చే తాజా సూచన మనకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగం. వారం ముందు చెప్పే అంచనాను పట్టుకుని సెలవు పెట్టకండి. ఈ కాలపు ఉరుముల వాన ఒక మండలంలో కురిసి పక్క మండలాన్ని ఎండగట్టేస్తుంది. పిడుగుల కోసం దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ఈ యాప్, మీరున్న చోటికి దగ్గరలో పిడుగులు పడే సూచన ఉంటే హెచ్చరిస్తుంది.

యాప్‌లతో పాటు కళ్లకూ పని చెప్పండి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించి, నేల తడిగా ఉంటే తెల్లారి చెరువుల దగ్గర పొగమంచు రావడానికి అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటలకు తెల్లమబ్బులు కాలీఫ్లవర్ గడ్డల్లా నిలువునా పెరుగుతుంటే సాయంత్రానికి ఉరుములు ఖాయమనుకోవచ్చు. ఉక్కపోత మధ్యలో ఉన్నట్టుండి చల్లగాలి కొట్టిందంటే వాన దగ్గర్లోనే ఉంది. అప్పుడిక కెమెరా సర్దుకోవడమే.

ఉదయం ఎందుకు ప్రశాంతంగా ఉంటుందో తెలిస్తే ప్రణాళిక వేసుకోవడం తేలిక. రాత్రి నేల చల్లబడి, దాని మీది గాలి కూడా చల్లబడి కింద కదలకుండా పడుకుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కగానే ఆ గాలి పైకి లేచి, పై గాలితో కలిసి కుదుపులు మొదలవుతాయి. అందుకే సూర్యోదయం నుంచి రెండు గంటలు బంగారం. ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్ దగ్గర 6.40 ప్రాంతంలో, మార్చి చివరికి 6.10 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అరగంట ముందే చెట్టు కింద ఉండాలి.

3. సంచిలో ఏం ఉండాలి

ఏ కెమెరా అయినా సరే. లెన్స్ ఒక్కటే కొనగలిగితే 70-300 లేదా 55-250 మి.మీ. జూమ్ తీసుకోండి. కొమ్మ అందనప్పుడు, వెనకభాగాన్ని మెత్తగా కలిపేయాలన్నప్పుడు ఇదే దిక్కు. వేపపూత, నీటిచుక్కల లాంటి చిన్నవాటికి మాక్రో లెన్స్ ఉంటే మంచిది. లేకపోతే కెమెరాకూ ఉన్న లెన్స్‌కూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అనే బోలు గొట్టం తగిలించుకోవచ్చు, ఖర్చు తక్కువ.

మిగతావన్నీ ఇంట్లో దొరికేవే. రెండు పెద్ద పాలిథిన్ కవర్లు, నాలుగు రబ్బరు బ్యాండ్లు. కవర్‌కు లెన్స్ పట్టేంత చిల్లు పెట్టి, హుడ్ చుట్టూ బ్యాండ్ వేస్తే వానతొడుగు తయారు. తెల్లటి థర్మోకోల్ ముక్క వెలుగును నీడలోకి తిప్పడానికి. నల్ల గొడుగు గాలికి అడ్డంగానూ, వెనక తెరగానూ పనికొస్తుంది. పాత పలచటి తెల్ల పంచె ఒకటి, ఎండను మెత్తబరచడానికి. బట్టల క్లిప్పులు, కొంచెం కట్టుతీగ. లెన్స్ తుడిచే గుడ్డలు మూడైనా ఉండాలి, ఒకటి తడిస్తే ఇంకోటి. కాళ్లకు బూట్లు తప్పనిసరి. ఎండుటాకుల కింద పాము ఉన్నా కనిపించదు.

4. ముందు నారింజ రంగును అదుపులో పెట్టండి

ఏ వాతావరణంలోనైనా మోదుగ, బూరుగ ఫోటోలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. తెర మీద పువ్వు మెరుస్తూ బాగానే కనిపిస్తుంది. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే రేకు మీది ఈనెలు, నూగు ఏమీ ఉండవు. నారింజ రంగు పూసిన కాగితం ముక్కలా చదునుగా ఉంటుంది.

కారణం ఇది. కెమెరా సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగా కొలుస్తుంది. మోదుగ రేకు నుంచి ఎరుపు విపరీతంగా వస్తుంది, నీలం దాదాపు రాదు. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మొత్తం వెలుగును సగటున చూసుకుని సరిపోయిందనుకుంటుంది. ఈలోగా ఎరుపు మాత్రం హద్దు దాటి తెగిపోయి ఉంటుంది. ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో గీతగా చూపే మామూలు హిస్టోగ్రామ్‌లో ఇది తెలియదు. మెనూలోకి వెళ్లి మూడు రంగులకు వేర్వేరుగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకోండి. ఎరుపు గీత కుడి గోడకు ఆనుకుంటే ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకు అందే వెలుగు, తగ్గించాలి. ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది. ఎండలో మోదుగకు సాధారణంగా మూడింట రెండు స్టాప్‌ల నుంచి ఒకటింబావు స్టాప్ వరకు మైనస్ చేయాల్సి వస్తుంది. ఫోటో అప్పుడు చీకటిగా కనిపించినా కంగారు పడకండి. సెన్సర్ పట్టినదంతా అలాగే దాచే రా ఫైల్‌లో తీస్తే నీడలను పైకి తెచ్చుకోవచ్చు. తెగిపోయిన ఎరుపు మాత్రం తిరిగి రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మోదుగ పువ్వు అడుగున ఉండే ముఖమలు తొడుగు దాదాపు నలుపు. మండే నారింజ, చీకటి నలుపు ఒక్క అంగుళంలో ఉంటాయి. నేరుగా పడే ఎండలో రెండూ కుదరవు. పలచటి మబ్బులోనో, పంచె నీడలోనో రెండిటికీ న్యాయం జరుగుతుంది. ఫోటో రంగుల వెచ్చదనాన్ని సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకండి. ఫ్రేమ్ నిండా నారింజ కనిపిస్తే కెమెరా దాన్ని చల్లబరచాలని చూస్తుంది. ఎండ గుర్తు ఉన్న సెట్టింగ్ మీదే ఉంచండి.

పువ్వును పక్కనుంచి చూడండి. వెనక్కి మడిచిన పెద్ద రేకు, చిలుకముక్కులా వంగిన కింది రేకులు, నల్లని తొడుగు ఒకే తలంలోకి వస్తాయి. కెమెరా ఆ తలానికి సమాంతరంగా ఉంటే ఎఫ్/8 దగ్గర పువ్వంతా స్పష్టంగా వస్తుంది (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదై, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది). ఎదురుగా తీస్తే ముక్కు ఒక్కటే స్పష్టంగా వచ్చి మిగతాది కరిగిపోతుంది.

5. పొగమంచు ఉన్న పొద్దు: బూరుగ దగ్గరికి

మంచులో పూల దగ్గరి ఫోటోలు ఆశించకండి. ఇది చెట్టు రూపానికి వచ్చిన రోజు. అంచెలంచెల కొమ్మలు, వాటి మీద ఎర్రటి చుక్కలు, వెనక ఉన్న ఇళ్లూ తీగలూ అన్నీ మంచులో మాయం. మామూలు రోజు పనికిరాని చోటు కూడా ఈ రోజు పనికొస్తుంది.

మీటర్ ఆ తెల్లదనం చూసి మోసపోయి ఫోటోను బూడిదరంగు చేస్తుంది. కాబట్టి ఇక్కడ ప్లస్, మూడింట రెండు స్టాప్‌ల నుంచి ఒక స్టాప్ దాకా. ఆటోఫోకస్ తడబడుతుంది కనుక మాను అంచు మీద ఫోకస్ పట్టి దాన్ని లాక్ చేయండి. ఎర్రపూలు మంచులో వెలసినట్టు వస్తాయి. అది అలాగే ఉండాలి, తర్వాత రంగు పెంచి గాఢం చేస్తే మంచు అందమే పోతుంది. సూర్యుడు మంచును చీల్చే నిమిషాల్లో చెట్టు వెనక్కి చేరి వెలుగుకు ఎదురుగా తీయండి. ఆ వెలుగు ఎక్కువ సేపు ఉండదు.

మంచు తొలిగాక మోదుగ మీది నూగుకు పట్టిన మంచుబిందువులు ఇంకా కాసేపు ఉంటాయి. రేకు వెలుపలి వైపు సన్నటి వెండి నూగు ఉంటుంది. పక్కవెలుగులో అది అంచు గీసినట్టు మెరుస్తుంది. మాక్రో బయటికి తీయాల్సింది అప్పుడే.

6. గాలి లేచినప్పుడు

గాలి వస్తే మొదట మార్చాల్సింది పువ్వును. వేపపూత పొడవాటి కాడల చివర వేలాడుతుంది, చిన్న పిల్లగాలికే ఊగిపోతుంది. దాన్ని ఆ రోజుకు వదిలేయండి. బూరుగ పువ్వు బరువైనది, బలమైన కొమ్మకు అతుక్కుని ఉంటుంది. మోదుగ గుత్తులు రెంటికీ మధ్యస్తం. మాను దగ్గరి పొట్టికొమ్మల మీదివి కొసకొమ్మల కంటే తక్కువ ఊగుతాయి.

తర్వాత షట్టర్ వేగం, అంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలన్నది. మామూలు గాలికి 1/500 సెకను, కుదుపులకు 1/1000, తేనెపిట్టో గోరింకో వచ్చి వాలితే 1/1600 పైన. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 దగ్గర ఎఫ్/8 పెడితే 1/400 దొరుకుతుంది. కాబట్టి 1/1000 కావాలంటే ఐఎస్ఓ 250 చాలు. మబ్బు కమ్మితే వెలుగు మూడు స్టాప్‌లు పడిపోవచ్చు, అప్పుడు ఐఎస్ఓ 2000 దాకా వెళ్లక తప్పదు. వెళ్లండి. ఫోటోలోని గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు, పువ్వు కదిలి చెరిగిపోతే చేసేదేమీ ఉండదు.

ఊగే కొమ్మను కాసేపు గమనించండి. ఇటు చివర, అటు చివర వెనక్కి తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. నడుమలో వేగం ఎక్కువ, చివరల్లో దాదాపు సున్నా. ఒక చివర ఫ్రేమ్ పెట్టుకుని, పువ్వు అక్కడికి వచ్చినప్పుడు వరసగా నాలుగైదు కొట్టండి. షట్టర్ వేగం పెంచడం కంటే ఈ కిటుకు ఎక్కువ ఫోటోలు నిలబెడుతుంది.

దగ్గరి ఫోటోలకు కొమ్మను కట్టడి చేయవచ్చు. ట్రైపాడ్ కాలుకు కట్టుతీగ చుట్టి, రెండో కొసకు బట్టల క్లిప్పు బిగించి, పువ్వుకు జానెడు కింద కొమ్మను పట్టించండి. మొగ్గలున్న చోట పట్టించవద్దు. గాలి వచ్చే వైపు గొడుగు తెరిచి నేల మీద ఆనిస్తే ఇంకాస్త మేలు.

ఇవేవీ కుదరనంత గాలి ఉందా? అయితే ఆ కదలికనే తీయండి. మబ్బు రోజున ఎఫ్/16, ఐఎస్ఓ 100 పెడితే షట్టర్ 1/12 దాకా దిగుతుంది. ట్రైపాడ్ మీద తీస్తే మోదుగ మాను రాయిలా నిలిచి, చుట్టూ పూలు నారింజ గీతలై పారుతాయి. ఇరవై తీస్తే ఒకటి బాగుంటుంది. ఆ ఒక్కటి చాలు.

దుమ్ము లేచే రోజున బయట లెన్స్ మార్చవద్దు. మార్చక తప్పకపోతే కెమెరా నోరు నేలవైపు ఉంచి, గాలికి వీపు పెట్టి మార్చండి.

7. నడినెత్తిన ఎండ

పది నుంచి నాలుగు దాకా ఎక్కువమంది కెమెరా మూసేస్తారు. కొండగోగుకు మాత్రం ఇదే సమయం. దాని రేకులు పలచన, ముడతలు పడి ఉంటాయి. ఎండ వెనక నుంచి పడితే ఆ పసుపు లోపల్నుంచి వెలిగినట్టు ఉంటుంది. పువ్వు కిందికి చేరి, నీలాకాశం వెనక వచ్చేలా తీయండి. లెన్స్ ముందు తగిలించి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే సూర్యుడికి తొంభై డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం బాగా ముదురుతుంది. అది ఒకటిన్నర స్టాప్ వెలుగు తినేస్తుందని గుర్తుంచుకోండి.

ఎండిన పొలం మీదుగా దూరపు చెట్టును టెలీ లెన్స్‌తో తీస్తే ఫోటో మెత్తగా వస్తుంది. తప్పు లెన్స్‌ది కాదు, నేల మీది వేడిగాలి అలలది. దూరం తగ్గించడం తప్ప మందు లేదు. దగ్గరున్న గుత్తి మీద పంచె పట్టి నీడ చేయండి, థర్మోకోల్‌తో కింద నుంచి కాస్త వెలుగు తిప్పండి. పంచె నీడ పువ్వు మీద మాత్రమే కాక వెనకభాగం మీద కూడా పడేలా చూడాలి. లేదంటే వెనక తెల్లగా మండిపోతుంది.

8. మబ్బు కమ్మిన రోజు: చిన్నపూల రోజు

నిలకడగా మబ్బు పట్టి గాలి లేకపోతే వేపపూత, మామిడిపూత, కానుగపూత తీయండి. నీడలు ఉండవు, తెలుపు కాలిపోదు. ఆకాశాన్ని మాత్రం ఫ్రేమ్‌లోకి రానివ్వద్దు. అది తెల్లటి ఖాళీగా మిగిలిపోతుంది.

వేపపువ్వు అరసెంటీమీటరు పైచిలుకు వెడల్పు, అంతే. పువ్వు సెన్సర్ మీద నిజ పరిమాణంలో పడేంత దగ్గరికి వెళ్తే, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు. సగం పరిమాణానికి వెనక్కి తగ్గితే అది దాదాపు మూడు మిల్లీమీటర్లు అవుతుంది. కాబట్టి మరీ దగ్గరికి దూరకండి. కాస్త దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోవడమే మేలు. ఉగాది పచ్చడికి ఎలాగూ రెమ్మలు తెస్తాం. ఒక రెమ్మను గ్లాసు నీళ్లలో పెట్టి ఉత్తరపు కిటికీ దగ్గర, వెనక ఒక జానెడు దూరంలో నల్ల చార్టు ఆనించి తీసి చూడండి. గాలి బాధ ఉండదు, తీరిగ్గా తీసుకోవచ్చు.

9. ఉరుము వినపడితే

ఇది సరదా సంగతి కాదు. మార్చి, ఏప్రిల్ ఉరుములవానలకు ప్రాణాలు పోతాయి. పొలంలో ఒంటరి చెట్టు కింద, చేతిలో ట్రైపాడ్‌తో నిలబడటం కంటే చెడ్డ చోటు ఇంకొకటి లేదు. మోదుగ ఫోటోలు తీసేవాళ్లు నిలబడేదీ అక్కడే. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. వెంటనే పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

వడగళ్లను తేలిగ్గా తీసుకోకండి. 2023 మార్చి మధ్యలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో పడ్డ వడగళ్లకు రోడ్లూ పొలాలూ తెల్లగా కప్పుకుపోయాయి. అలాంటి వాన రైతుకు పంట నష్టం. మామిడితోటలో, మొక్కజొన్న చేలో ఫోటోలకు దిగే ముందు అక్కడి మనుషులను పలకరించండి. పంట చూసుకుని బాధపడుతున్న మనిషి ముందు రాలిన పూతకు ఫోకస్ పెట్టవద్దు.

10. వాన వెలిశాక

సీజన్ మొత్తంలో ఒక్క గంట ఎంచుకోమంటే నేను ఈ గంటనే ఎంచుకుంటాను. వారాల తరబడి పేరుకున్న దుమ్ము కడుక్కుపోతుంది. మాను బెరడు నల్లబడుతుంది. దాని మీద నారింజ రెట్టింపు కనిపిస్తుంది. సాయంత్రపు వాన అయితే పడమట మబ్బు విరిగి ఏటవాలు ఎండ వస్తుంది, తూర్పున మబ్బు ముదురు నీలంగా నిలిచి ఉంటుంది. ఆ నీలం వెనక వచ్చేలా పడమటి వైపు నుంచి చెట్టును తీయండి. ఎండ పడ్డ పూలకు కొలత తీసుకోండి, మబ్బును చీకటిగానే ఉండనివ్వండి.

ఏసీ కారులో చల్లబడ్డ కెమెరాను ఒక్కసారిగా తడిగాలిలోకి తెస్తే లెన్స్ మసకబారుతుంది. చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. మసకబారితే తుడవడం మొదలుపెట్టకండి, దానంతటదే తగ్గేదాకా ఆగండి.

చుక్కల ఫోటోకు పువ్వు కంటే చుక్క మీదే ఫోకస్ పెట్టండి. మోదుగ ముక్కు కొసన వేలాడే చుక్కలో వెనక ఉన్న చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. చుక్కకు సరిగ్గా వెనక, కొంచెం దూరంలో, ఇంకో గుత్తి ఉండేలా కదలండి. చుక్క లోపల కూడా నారింజ నిండుతుంది. స్ప్రేతో నీళ్లు కొట్టి చేసిన చుక్కలు నాకు నచ్చవు. వానచుక్కలు కొసల్లో, అంచుల్లో చేరతాయి. స్ప్రే చుక్కలు రేకంతా ఒకే తీరుగా చల్లినట్టు ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. తడి రేకుల మీది తెల్లటి మెరుపు ఎక్కువైతే పోలరైజర్‌ను నెమ్మదిగా తిప్పుతూ సగం వరకే తగ్గించండి. పూర్తిగా తీసేస్తే తడి అనే భావమే పోతుంది.

తర్వాత కిందికి చూడండి. ఈదురుగాలికి రాలిన మోదుగ పూలు నల్లరేగడి మీద, బూరుగ పూలు ఎర్రమట్టి మీద, కానుగ పూలు సిమెంటు రోడ్డు మీద పరుచుకుని ఉంటాయి. సరిగ్గా పైనుంచి ఒకటి తీయండి. ఆ తర్వాత కెమెరాను నేలకు ఆనించి, ముందు పువ్వు స్పష్టంగా, వెనక మాను లీలగా ఉండేలా ఇంకోటి తీయండి. పూలను మీ చేత్తో సర్దకండి. ఎండుపుల్ల ఒకటి తీసి పక్కన పెట్టడం వరకు పరవాలేదు. మరునాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి. ఎండెక్కితే రాలిన పూలు వాడి, మధ్యాహ్నానికల్లా రంగు మారిపోతాయి.

ఇప్పపూలు రాలడానికి వాన అక్కర్లేదు. తెల్లవారుజామున వాటంతటవే రాలతాయి. ఆ వేళకే గిరిజన కుటుంబాలు గంపలతో వచ్చి ఏరుకుంటాయి. అది వాళ్ల జీవనాధారం. అడిగి తీయండి, పూలు తొక్కకండి. మనుషుల ముఖాలు వద్దంటే వద్దు. అడవి లోపలి ఇప్పచెట్ల దగ్గరికి చీకట్లో ఒంటరిగా వెళ్లవద్దు, ఆ పూలంటే ఎలుగుబంట్లకూ ఇష్టం.

వానే పూయించే పువ్వు ఒకటి అరకు వైపు ఉంది. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడితే, ఎనిమిది పది రోజులకు కాఫీ తోటలు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. రెండు మూడు రోజులే ఉంటాయి. కాబట్టి పూత కోసం సూచనలు వెతకకండి, వాన తేదీ పట్టుకోండి. అరకు, అనంతగిరి వైపు వాన పడిందని తెలిసిన రోజు నుంచి వారం లెక్కపెట్టి, తోటవాళ్లకు ఫోన్ చేసి అడిగి బయల్దేరండి. సిల్వర్ ఓక్ నీడలో వెలుగు తక్కువ, తెల్లపూల వెనక ముదురు ఆకులు. ఇక్కడ కాస్త మైనస్ పెట్టాలి, లేకపోతే తెలుపు తెగిపోతుంది.

11. ఫోన్‌తో తీసేవాళ్లకు

ముందు లెన్స్ తుడవండి. పువ్వు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. పైన చెప్పిన ఎరుపు చిక్కు ఫోన్‌లో ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఫోన్లు రంగును తమంతట తామే పెంచుతాయి. రెండు లేదా మూడు రెట్ల టెలీ లెన్స్ ఉంటే అదే వాడి ఒక అడుగు వెనక్కి జరగండి. చాలా ఫోన్ల మాక్రో మోడ్‌లో పనిచేసేది వైడ్ లెన్స్. మరీ దగ్గరికి వెళ్లాల్సి వచ్చి ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. గాలిలో హెచ్‌డీఆర్, నైట్ మోడ్ ఆపేయండి. అవి కొన్ని ఫోటోలను కలిపి ఒకటి చేస్తాయి, మధ్యలో పువ్వు కదిలితే రేకుకు రెండు అంచులు వస్తాయి.

12. ఇంటికొచ్చాక

తడిసిన కెమెరాను పొడిగుడ్డతో అద్ది, బ్యాటరీ, కార్డు తీసి, ఫ్యాన్ కింద గాలి తగిలేచోట పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టవద్దు, ఆ పొడి కెమెరా సందుల్లోకి పోతుంది. సిలికా జెల్ పొట్లాలున్న మూత డబ్బా మంచిది.

ఫైళ్ల మీద పని చేసేటప్పుడు మొత్తం రంగును పెంచే మీట ముట్టుకోకండి. నారింజ, ఎరుపు రంగులకు వేర్వేరుగా ఉండే మీటల్లో ప్రకాశాన్ని కొద్దిగా దించితే రేకుల ఈనెలు బయటికొస్తాయి. రా ఫైల్‌లో బాగున్న నారింజ జేపెగ్‌గా మార్చాక చదునైపోతే, మామూలు తెరలు చూపగల రంగుల హద్దు అయిన ఎస్‌ఆర్‌జీబీలో పట్టేదాకా ఆ రంగు గాఢతను ఇంకొంచెం తగ్గించండి.

ప్రతి ఫోటోకు చెట్టు పేరు, ఊరు, తేదీ, ఆ రోజు వాతావరణం రాసిపెట్టండి. ఏ చెట్టు ఏ వారం పూసిందో రెండేళ్ల రాత ఉంటే మూడో ఏడు ఎప్పుడు బయల్దేరాలో మీకే తెలుస్తుంది. సీజన్‌వాచ్ అనే కార్యక్రమం దేశమంతటా మామూలు జనం చేత చెట్ల పూత, కాత, చిగురు వివరాలు నమోదు చేయిస్తోంది. మీ మోదుగనో, మీ వీధి వేపనో అందులో చేర్చి వారానికోసారి చూసి రాస్తే, మీరు ఎలాగూ చేస్తున్న పని చెట్లను చదివే శాస్త్రవేత్తలకూ పనికొస్తుంది.